పైమాల్‌లో డెన్సిటీ మ్యాప్ వాల్యూమ్ రెండరింగ్: లిగాండ్ చుట్టూ నీలిపొగ, చెక్క చారలు, రే కొడితే మాయం

మద్దిలపాలెం_స్ఫటికం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఒక ఎంజైమ్‌లో దాని పని ఆపే చిన్న అణువు (ఇన్‌హిబిటర్, ఇక్కడ లిగాండ్ అంటే అదే) కూర్చున్న క్రిస్టల్ స్ట్రక్చర్ ఇది. రిజల్యూషన్ 1.9 ఆంగ్‌స్ట్రాములు. యూనిట్ సెల్ (స్ఫటికంలో పదేపదే వచ్చే పెట్టె) 80, 90, 110 ఆంగ్‌స్ట్రాములు, కోణాలు మూడూ 90 డిగ్రీలే. మోడల్‌ని డేటాకి సరిచేసే రిఫైన్‌మెంట్ ఫీనిక్స్ ప్రోగ్రామ్‌లో అయింది, ఎక్స్‌రే డేటా ఉండే ఎంటీజెడ్ ఫైలు చేతిలో ఉంది. దాన్నుంచి మొత్తం సెల్‌కి 2ఎఫ్‌ఓ-ఎఫ్‌సీ మ్యాప్‌ని (ఎలక్ట్రాన్ డెన్సిటీ ఎక్కడ ఎంత ఉందో చెప్పేది) సీసీపీ4 ఫార్మాట్‌లో తీసి, అణువుల బొమ్మలు గీసే పైమాల్‌లో లోడ్ చేశాను.

ఒక స్థాయి దగ్గర వలలా గీసే ఐసోమెష్ బాగానే వస్తోంది. కాకపోతే లిగాండ్‌లో సల్ఫర్ దగ్గర డెన్సిటీ చాలా గట్టిగా, చివర్లో ఉన్న మార్ఫోలిన్ రింగ్ దగ్గర చాలా పల్చగా ఉంది. ఒక సిగ్మా (మ్యాప్ విలువల హెచ్చుతగ్గుల కొలత) దగ్గర మెష్ వేస్తే ఆ తేడా అస్సలు తెలియడం లేదు, రెండున్నర దగ్గర వేస్తే రింగే పోతోంది. రెండూ ఒకే బొమ్మలో తెలియాలని, డెన్సిటీని మబ్బులా చూపే వాల్యూమ్ ఆబ్జెక్ట్ చేశా. అక్కడే ఆగిపోయా:

లిగాండ్ ఉండాల్సిన చోట నీలిపొగ తప్ప ఏమీ కనబడదు. ఆల్ఫా (రంగు ఎంత చిక్కగా ఉండాలో చెప్పే అంకె) తగ్గిస్తే పొగతో పాటు డెన్సిటీ కూడా పోతుంది. బాగా జూమ్ చేస్తే అణువుల చుట్టూ కోసిన చెక్క మీద ఉండే చారల్లాంటివి వస్తున్నాయి, తిప్పుతుంటే అవి కూడా కదులుతున్నాయి. నీడలతో నాణ్యమైన బొమ్మ గీసే రే కమాండ్ ఇస్తే స్టిక్స్ (పుల్లల్లా గీసిన బంధాలు) వస్తాయి, వాల్యూమ్ మొత్తం మాయం. ల్యాబ్ ల్యాప్‌టాప్‌లో విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, కాబట్టి మౌస్ తిప్పితే బొమ్మ ఆలస్యంగా కదులుతుంది.

ఈ బొమ్మ సెమినార్ పోస్టర్‌లో 20 సెంటీమీటర్ల వెడల్పు వేయాలి. ద్వారకానగర్‌లో ప్రింట్ చేయిస్తాం. దీనికి కొత్త మెషీన్ తప్పదా, లేక సెట్టింగ్స్‌లోనే ఏదైనా ఉందా?

బీచ్‌రోడ్_డెన్సిటీ

కొత్త మెషీన్ అక్కర్లేదు తమ్ముడూ. నువ్వు చెప్పిన నాలుగింటిలో మూడింటికి మూలం ఒకటే. లిగాండ్ చూడటానికి మొత్తం సెల్‌ని వాల్యూమ్ చేశావు.

పైమాల్ వాల్యూమ్‌ని ఎలా గీస్తుందో చూడు. మ్యాప్‌ని 3డీ టెక్స్చర్‌గా గ్రాఫిక్స్‌కి పంపి, నీ చూపుకి అడ్డంగా పొరలు పొరలుగా కోసి, వెనక నుంచి ముందుకి ఒకదానిమీద ఒకటి కలుపుతుంది. పొరల సంఖ్య వాల్యూమ్_లేయర్స్ అనే సెట్టింగ్, మామూలుగా 256. ఆ 256 పొరలూ వాల్యూమ్ పెట్టె మొత్తానికి పంచుకోవాలి. నీ సెల్ మూల నుంచి మూలకి సుమారు 163 ఆంగ్‌స్ట్రాములు. అంటే ఆ దిశలో చూస్తే పొరకీ పొరకీ మధ్య 0.64 ఆంగ్‌స్ట్రామ్. 1.9 రిజల్యూషన్‌లో మంచి అణువు మధ్యలో 5 సిగ్మా ఉన్న డెన్సిటీ ఒక ఆంగ్‌స్ట్రామ్ పైచిలుకు దూరంలో 1 సిగ్మాకి పడిపోతుంది. కాబట్టి ఒక పొర నుంచి పక్క పొరకే విలువ రెండు సిగ్మాల దాకా దూకుతుంది. నీ కలర్ రాంప్‌లో (ఏ విలువకి ఏ రంగు, ఎంత ఆల్ఫా అనే పట్టిక) సన్నటి శిఖరం ఉంటే, కొన్ని పొరలు దాని మీద పడతాయి, కొన్ని దాన్ని దాటేస్తాయి. నీకు కనిపించే చెక్క చారలు అవే. పొరలు నీ చూపుతో పాటే తిరుగుతాయి కనుక చారలూ కదులుతాయి.

పొగ కూడా దీనికి చుట్టమే. లిగాండ్‌కి ముందూ వెనకా ఉన్న ప్రోటీన్, నీళ్లు, పక్క అణువులు అన్నీ చూపుకి అడ్డం వస్తున్నాయి. ఒక్కో పొరకి ఆల్ఫా 0.05 అంటే తక్కువే అనిపిస్తుంది. కానీ అలాంటి పొరలు 20 దాటితే 64 శాతం మూసుకుపోతుంది, 40 దాటితే 87 శాతం. అందుకే ఆల్ఫాతో కుస్తీ పడితే లాభం లేదు, అడ్డం వచ్చేదాన్నే తీసేయాలి.

సీసీపీ4 అనే ప్రోగ్రామ్‌ల కట్ట ఇన్‌స్టాల్ చేసి ఉంటే, మ్యాప్ తీసి కోసే జెమ్మీ దానితోనే వస్తుంది. కమాండ్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నా, టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్నక్షరాల్లో కొట్టు. ముందు పైమాల్‌లో లిగాండ్‌ని మాత్రమే ఒక పీడీబీ ఫైలుగా సేవ్ చేసుకో. తర్వాత టెర్మినల్‌లో జెమ్మీ ఎస్ఎఫ్2మ్యాప్. దానికి మూడు ఆప్షన్లు: నార్మలైజ్, శాంపిల్ 5, మ్యాప్‌మాస్క్‌కి ఆ లిగాండ్ పీడీబీ. చివర ఇన్‌పుట్ ఎంటీజెడ్, అవుట్‌పుట్ సీసీపీ4 ఫైలు పేరు. ఫీనిక్స్, రెఫ్‌మ్యాక్ (ఇంకో రిఫైన్‌మెంట్ ప్రోగ్రామ్) రెండింటి కాలమ్ పేర్లనూ అదే గుర్తుపడుతుంది. ఏమీ చెప్పకపోతే 2ఎఫ్‌ఓ-ఎఫ్‌సీ ఇస్తుంది, డీ ఆప్షన్ పెడితే తేడా మ్యాప్ (డేటాకీ మోడల్‌కీ మధ్య తేడా చూపేది) ఇస్తుంది.

మ్యాప్‌మాస్క్ ఆప్షన్ లిగాండ్ చుట్టూ 5 ఆంగ్‌స్ట్రాముల అంచు వదిలి పెట్టె కోస్తుంది. నీ లిగాండ్ 10 ఆంగ్‌స్ట్రాముల పొడవు అనుకుంటే పెట్టె సుమారు 20 ఆంగ్‌స్ట్రాములు, మూల నుంచి మూలకి 35 లోపే. అవే 256 పొరలు ఇప్పుడు 0.135 ఆంగ్‌స్ట్రామ్‌కి ఒకటి వస్తాయి. చారలు దాదాపు పోతాయి. మిగిలితే పొరల్ని 512 చెయ్యి, అంతకు మించి అవసరం రాదు. పొరలు పెంచితే బొమ్మ ముదురుగా కనిపిస్తుంటే ఆల్ఫా తగ్గించు, కారణం పైన చెప్పిన లెక్కే.

శాంపిల్ 5 అంటే గ్రిడ్ దూరం రిజల్యూషన్‌లో ఐదో వంతు, అంటే 0.38 ఆంగ్‌స్ట్రామ్. మామూలుగా వాడే మూడో వంతులో 0.63 వస్తుంది. మెష్‌కి అది చాలు. వాల్యూమ్‌లో మాత్రం గ్రాఫిక్స్ కార్డు గ్రిడ్ బిందువుల మధ్య సరళరేఖల్లో పూరిస్తుంది కాబట్టి గుండ్రటి అణువు పలకలు పలకలుగా తేలుతుంది. ఇక్కడ పైమాల్‌లోని మ్యాప్_డబుల్ జోలికి పోవద్దు. అది ఉన్న విలువల మధ్యే పూరిస్తుంది, మెమరీ మాత్రం ఎనిమిది రెట్లు తింటుంది. ఎంటీజెడ్ చేతిలో ఉన్నప్పుడు ఫోరియర్ నుంచే సన్నటి గ్రిడ్ తీయడం సరైన పద్ధతి.

నిదానం సంగతికి వస్తే, నీ సెల్ మొత్తాన్ని 0.4 గ్రిడ్‌లో వేస్తే 200 ఇంటూ 225 ఇంటూ 275, కోటీ 23 లక్షల పైన వోక్సెల్స్ (గ్రిడ్ బిందువులు), ఒక్కోదానికి 4 బైట్లు, దగ్గర దగ్గర 50 ఎంబీ. లిగాండ్ పెట్టె 50 ఇంటూ 50 ఇంటూ 50, లక్షా పాతికవేలు, అర ఎంబీ. విడి కార్డు లేని ల్యాప్‌టాప్ కూడా దీన్ని హాయిగా తిప్పుతుంది.

సిరిపురం_ఎక్స్‌రే

పైన చెప్పిన పెట్టె మాట ముందు చేయండి, మిగతావి తర్వాత. నేను రాంప్ గురించి, రే గురించి చెబుతాను.

లోడ్ చేసే ముందే నార్మలైజ్_సీసీపీ4_మ్యాప్స్ అనే సెట్టింగ్‌ని 0 చేయాలి. మామూలుగా అది ఆన్‌లో ఉంటుంది. జెమ్మీ ఇప్పటికే మొత్తం సెల్ మీద లెక్కకట్టి సిగ్మాలోకి మార్చి ఇచ్చింది. దాన్ని పైమాల్ మళ్లీ ముట్టుకోకూడదు. లోడ్ అయిపోయాక మార్చితే ఫలితం ఉండదు, మ్యాప్‌ని తీసేసి మళ్లీ లోడ్ చేయాల్సిందే.

రాంప్‌ని ప్యానెల్‌లో మౌస్‌తో లాగుతూ కూర్చోవద్దు. వాల్యూమ్_రాంప్_న్యూ కమాండ్‌లో అంకెలతో ఇవ్వండి. ప్రతి బిందువుకీ వరుసగా విలువ, రంగు, ఆల్ఫా. 2ఎఫ్‌ఓ-ఎఫ్‌సీకి నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద ఇలా మొదలుపెట్టండి: 0.8 దగ్గర నీలం, ఆల్ఫా సున్నా. 1.3 దగ్గర నీలం, 0.05. 2.2 దగ్గర సయాన్, 0.12. 3.5 దగ్గర తెలుపు, 0.25. 5 దగ్గర తెలుపు, 0.35. మొదటి బిందువు ఆల్ఫా సున్నాగా ఉండటం అన్నిటికన్నా ముఖ్యం. మ్యాప్‌లో ఎక్కువ వోక్సెల్స్ మైనస్ 1, ప్లస్ 1 సిగ్మాల మధ్యే ఉంటాయి. అక్కడ ఆల్ఫా 0.01 ఉన్నా పొగే.

ఒకచోట సన్నటి శిఖరం పెట్టి పల్చటి ఉల్లిపొరలా చూపించాలనుకుంటే దాని వెడల్పు కనీసం అర సిగ్మా ఉంచండి. అంతకన్నా సన్నం చేస్తే పెట్టె ఎంత చిన్నదైనా చారలు తిరిగి వస్తాయి. పైన వేసిన లెక్కలో 0.135 పొరకి కూడా విలువ దాదాపు 0.45 సిగ్మా మారుతుంది.

తేడా మ్యాప్‌కి రెండు వైపులా రాంప్ ఉండాలి. మైనస్ 5 నుంచి మైనస్ 2.5 దాకా ఎరుపు, ప్లస్ 2.5 నుంచి 5 దాకా ఆకుపచ్చ, మధ్యలో పూర్తిగా ఖాళీ. ఎరుపు, ఆకుపచ్చ తేడా పట్టలేని చూపరులు ఉంటారు కనుక పోస్టర్‌లో ఆకుపచ్చ బదులు సయాన్ వాడటం మేలు.

వాల్యూమ్_డేటా_రేంజ్ అనే ఇంకో సెట్టింగ్ ఉంది, మామూలు విలువ 5. సగటుకి అటూ ఇటూ అన్ని సిగ్మాల దాటి ఉన్న విలువలన్నీ ఆ అంచుకే నొక్కేస్తుంది. మీ సల్ఫర్ 8 సిగ్మాలు ఉంటే 5 గానే కనిపిస్తుంది, పక్క కార్బన్‌తో తేడా చెరిగిపోతుంది. మీరు చూపించాలనుకున్నదే ఆ తేడా కదా! దాన్ని 10 చేసి, వాల్యూమ్‌ని మళ్లీ సృష్టించండి, రాంప్ చివరి బిందువుని 8కి జరపండి.

రే సంగతి: పైమాల్ రే ట్రేసర్‌కి వాల్యూమ్‌ని నిజంగా ట్రేస్ చేయడం రాదు. రే_వాల్యూమ్ సెట్టింగ్ ఆన్ చేస్తే ఓపెన్‌జీఎల్‌లో గీసిన వాల్యూమ్‌ని తెచ్చి రే బొమ్మతో కలుపుతుంది. పోస్టర్‌కి ఇంకా సులువైన దారి డ్రా కమాండ్. వెడల్పు, ఎత్తు ఇచ్చి, యాంటీఎలియాస్ 2 పెట్టి, ఆ తర్వాత పీఎన్‌జీ సేవ్ చేయండి. స్క్రీన్ మీద చూసిందే వస్తుంది, నీడలు మాత్రం ఉండవు.

లిగాండ్ స్టిక్ రేడియస్ 0.25 నుంచి 0.12కి దించండి. స్టిక్స్ లావుగా ఉంటే అణువు మధ్యలో ఉన్న గట్టి డెన్సిటీ మొత్తం వాటి వెనకే దాక్కుంటుంది. పారదర్శక కార్టూన్, పారదర్శక సర్ఫేస్ ఈ బొమ్మలో పెట్టకండి. వాల్యూమ్‌తో కలిస్తే ఏది ముందో ఏది వెనకో తారుమారవుతుంది.

మద్దిలపాలెం_స్ఫటికం

అన్నా, మేడమ్, ఇద్దరికీ చాలా థ్యాంక్స్. పెట్టె కోయగానే పొగ పోయింది, చారలు పోయాయి, తిప్పితే చక్కగా కదులుతోంది. డేటా రేంజ్ 10 చేశాక సల్ఫర్ తెల్లగా విడిగా తెలుస్తోంది.

ఇంకో రెండు సందేహాలు. ఇంతకుముందు నార్మలైజ్ ఆప్షన్ లేకుండా కోసిన ఇంకో పెట్టె ఉంది. దాన్ని పైమాల్ సెట్టింగ్ మార్చకుండా లోడ్ చేస్తే అదే 1 సిగ్మా దగ్గర మెష్ కూట్‌లో (మోడల్ కట్టే ప్రోగ్రామ్) కన్నా చిక్కిపోయి కనిపిస్తోంది. ఎందుకని? రెండోది, మార్ఫోలిన్ రింగ్ దగ్గర చుట్టుపక్కల చిన్న చిన్న మచ్చలు ఉన్నాయి. వాల్యూమ్ కమాండ్‌లో కార్వ్ 1.6 పెడితే అవి పోయి రింగ్ అందంగా వస్తోంది. అలా ఉంచేయొచ్చా?

లాసన్స్‌బే_ఫేజ్

ఉంచేయొద్దు. ఈ ఒక్క విషయంలో కాస్త గట్టిగానే చెబుతున్నా.

కార్వ్ 1.6 అంటే ఎంచుకున్న అణువులకి 1.6 ఆంగ్‌స్ట్రాముల లోపల ఉన్న డెన్సిటీ మాత్రమే ఉంచి మిగతాది కోసేయడం. కోసిన ఆకారం మీ లిగాండ్ ఆకారమే. మామూలు రొదని (నాయిస్) తీసుకుని దాన్ని మార్ఫోలిన్ చుట్టూ 1.6 దగ్గర కోసినా, ఆరు అణువుల రింగ్‌లాంటి మబ్బు వస్తుంది. మెష్‌లో అయితే కోసిన చోట గీతలు తెగి కనిపిస్తాయి, అలవాటైన కన్ను పట్టేస్తుంది. వాల్యూమ్‌లో అంచులు మెత్తగా కలిసిపోతాయి కనుక పట్టుకోవడం కష్టం. అందుకే ఇక్కడ జాగ్రత్త రెట్టింపు కావాలి. గట్టిగా కుదిరిన భాగానికి చదవడానికి వీలుగా కార్వ్ వాడితే సరే, క్యాప్షన్‌లో దూరం రాయాలి. రింగ్ ఉందా లేదా అన్నదే ప్రశ్న అయినప్పుడు కార్వ్ తీసేసి ఆ మచ్చలతో సహా చూపించాలి. రింగ్ డెన్సిటీ చుట్టూ ఉన్న మచ్చలకన్నా ఎంత బలంగా ఉందో చూసేవాళ్లకి తెలియాలి కదా.

అసలు 2ఎఫ్‌ఓ-ఎఫ్‌సీ ఇక్కడ సరైన సాక్ష్యం కాదు. లిగాండ్ మోడల్‌లో ఉండగా వచ్చిన ఫేజ్‌లతో (డేటాలో నేరుగా దొరకక మోడల్ నుంచి లెక్కకట్టేవి) వేసిన మ్యాప్ అది, లిగాండ్ వైపే మొగ్గు చూపుతుంది. ఫీనిక్స్‌లో పోల్డర్ మ్యాప్ తీయండి. అది లిగాండ్‌ని లెక్కలోంచి తీసేస్తుంది, ఆ చోటుని బల్క్ సాల్వెంట్ మాస్క్ (ఖాళీ చోట ద్రావకం ఉందని లెక్కకట్టేది) నింపేయకుండా కూడా కాపాడుతుంది. పల్చటి రింగులకి మామూలు ఓమిట్ మ్యాప్ కన్నా ఇదే నయం. లాగ్ చివర మూడు కోరిలేషన్ విలువలు వస్తాయి. 1 (లిగాండ్ ఉందనుకుని లెక్కకట్టినది), 3 (అసలు డేటాది) మ్యాప్‌ల మధ్య విలువ మిగతా రెండింటికన్నా స్పష్టంగా ఎక్కువగా ఉంటే ఆ డెన్సిటీ లిగాండ్‌దే అనుకోవడానికి బలం దొరుకుతుంది. పోల్డర్ ఎంటీజెడ్‌లో కాలమ్ పేర్లు వేరు, కాబట్టి జెమ్మీకి ఎఫ్, పీ ఆప్షన్లతో ఆ పేర్లు ఇవ్వాలి. రాంప్ 2.5 దగ్గర సున్నా ఆల్ఫాతో మొదలుపెట్టి 3 నుంచి పైకి పెంచండి.

సిగ్మా తేడాకి వస్తే, సిగ్మా అనేది డెన్సిటీకి పుట్టుకతో వచ్చిన కొలత కాదు. ఏ ప్రాంతం మీద లెక్కవేశారో దాన్ని బట్టి మారుతుంది. మొత్తం సెల్‌లో సాల్వెంట్ చదునుగా ఉంటుంది, అది కలిస్తే సిగ్మా చిన్నదవుతుంది. లిగాండ్ చుట్టూ పెట్టె కోసి ఆ పెట్టె మీదే సిగ్మా కడితే అంతా ప్రోటీనే కాబట్టి సిగ్మా పెరుగుతుంది, సగటు కూడా సున్నా నుంచి పైకి జరుగుతుంది. అప్పుడు మీ 1 సిగ్మా నిజానికి ఇంకా పై స్థాయి, అందుకే మెష్ చిక్కింది. జెమ్మీలో నార్మలైజ్ పెట్టి, పైమాల్‌లో ఆఫ్ చేస్తే కూట్‌తో సరిపోతుంది.

క్రయో-ఈఎమ్ (గడ్డకట్టించిన నమూనాని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూసే పద్ధతి) మ్యాప్‌లతో పనిచేసేవాళ్లకి ఇది ఇంకా ఘోరం. పెట్టెని ప్రతి వైపూ రెట్టింపు చేసి సున్నాలతో నింపితే వోక్సెల్స్ ఎనిమిది రెట్లు, ఆర్‌ఎమ్‌ఎస్ (ఇక్కడ సిగ్మా అంటే అదే) 2.83 రెట్లు పడిపోతుంది. మ్యాప్‌లో ఒక్క అణువూ మారదు, అయినా 5 సిగ్మా అన్నది 14 సిగ్మా అవుతుంది. వాళ్లు సిగ్మా వదిలేసి మ్యాప్‌లో ఉన్న అసలు విలువలతోనే రాంప్ కట్టుకోవాలి.

సిరిపురం_ఎక్స్‌రే

కార్వ్ విషయంలో పూర్తిగా ఏకీభవిస్తాను. ఒక మాట కలుపుతాను: క్యాప్షన్‌లో మెష్‌కి ఒక్క సిగ్మా విలువ రాస్తే సరిపోతుంది, వాల్యూమ్‌కి సరిపోదు. రాంప్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో రెండు అంకెలైనా రాయండి, వీలైతే పక్కనే చిన్న రంగుపట్టీ పెట్టండి. వాల్యూమ్ ప్యానెల్‌లో రంగుల్ని స్క్రిప్ట్‌గా తీసే బటన్ ఉంది, దాన్ని కాపీ చేసి పీఎమ్‌ఎల్ ఫైల్లో దాచుకుంటే మళ్లీ అదే బొమ్మ వస్తుంది.

ఉప్పాడ_వోక్సెల్

ఎవరూ కైమెరాఎక్స్ (పైమాల్‌లాంటి ఇంకో ప్రోగ్రామ్) మాటెత్తలేదు కనుక క్లుప్తంగా. అందులో వాల్యూమ్ స్టైల్ ఇమేజ్ అంటే ఇదే పని. లెవెల్ పక్కన విలువ, కామా, తీవ్రత జంటలుగా ఇవ్వాలి. ఆ విలువలు సిగ్మాలో కాదు, మ్యాప్‌లో ఉన్నవి ఉన్నట్టే. మెజర్ మ్యాప్‌స్టాట్స్ కమాండ్ ఆర్‌ఎమ్‌ఎస్ చెబుతుంది. అది 0.35 అయితే 1.5 సిగ్మాకి 0.525 ఇవ్వాలి. అయితే కోయకముందు, మొత్తం సెల్ మ్యాప్ మీద చూసిన ఆర్‌ఎమ్‌ఎస్ వాడండి.

పెద్ద మ్యాప్ తెరిస్తే అది తనంతట తానే స్టెప్ 2 పెట్టేస్తుంది, అంటే ఒక బిందువు విడిచి ఒకటి. లిగాండ్ తోక దగ్గర డెన్సిటీ తెగిపోయిందని కంగారు పడేముందు స్టెప్ 1 ఇవ్వండి. అసిమ్మెట్రిక్ యూనిట్ (సిమ్మెట్రీతో మిగతా సెల్‌ని కట్టగల చిన్న భాగం) వరకే ఉన్న మ్యాప్ వచ్చి లిగాండ్ బయట పడిపోతే వాల్యూమ్ కవర్ కమాండ్ సిమ్మెట్రీ వాడి అణువుల చుట్టూ పరుస్తుంది. సేవ్ చేసేటప్పుడు వెడల్పు, సూపర్‌శాంపిల్ 3 ఇస్తే అంచులు బాగుంటాయి. నా మటుకు నాకు, లిగాండ్ పెట్టెకైతే పైమాల్ రాంప్ అంకెలతో కట్టుకోవడం తేలిక, పెద్ద కాంప్లెక్స్ మొత్తం చూపించాలంటే కైమెరాఎక్స్.

చేయి తిరగడానికి పీడీబీలో (ప్రోటీన్ నిర్మాణాల భాండాగారం) 1ఈజేజీ, అంటే 0.54 ఆంగ్‌స్ట్రామ్ రిజల్యూషన్‌లో ఉన్న క్రాంబిన్ అనే చిన్న ప్రోటీన్ మీద సాధన చేయండి. అంత రిజల్యూషన్‌లో అణువులు ఒక్కొక్కటీ విడివిడిగా నిలబడతాయి, రాంప్‌లో ఏ బిందువు కదిపితే ఏం మారుతుందో స్పష్టంగా తెలుస్తుంది.

మద్దిలపాలెం_స్ఫటికం

పోల్డర్ రన్ పెట్టాను. 1, 3 కోరిలేషనే ఎక్కువ వచ్చింది, రింగ్ 3 సిగ్మా దాటి కనిపిస్తోంది, కార్వ్ లేకుండానే. చివరగా ప్రింట్ గురించి చెప్పండి. నల్ల బ్యాక్‌గ్రౌండ్ ఉంచాలా, తెలుపు చేయాలా?

బీచ్‌రోడ్_డెన్సిటీ

తెలుపు చెయ్యి. నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద ముదురు నీలం స్క్రీన్‌లో మెరుస్తుంది గానీ వినైల్ మీద సిరాలో పడేసరికి నలుపులో కలిసిపోతుంది. తెలుపు మీద ఇబ్బంది ఇంకోలా ఉంటుంది: రాంప్ పైభాగంలో పెట్టిన తెలుపు కనబడదు, కింద 0.05 ఆల్ఫా నీలం కూడా వెలిసిపోతుంది. కాబట్టి రాంప్‌ని తిరగేసి, కింద లేత నీలం, పైన ముదురు నీలం, అన్నిటికన్నా పైన ఊదా పెట్టి, ఆల్ఫాలు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు పెంచు. విలువలు మాత్రం మార్చకు, అవి ఎక్కడ మొదలయ్యాయో అక్కడే ఉండాలి.

20 సెంటీమీటర్లకి 300 డీపీఐలో 2362 పిక్సెళ్లు కావాలి. డ్రా కమాండ్‌కి 2400, 1800 ఇస్తే చాలు. జేపెగ్ వద్దు, పల్చటి మబ్బు దగ్గర గళ్లు గళ్లుగా విరుగుతుంది. పీఎన్‌జీనే పోస్టర్‌లో అతికించి, పీడీఎఫ్ చేసేటప్పుడు ఇమేజ్ కంప్రెషన్ ఆపెయ్యి. పోస్టర్ మొత్తం వేయించే ముందు ఆ బొమ్మ ఒక్కదాన్ని ఏ4 సైజు ముక్కగా, అదే మెషీన్ మీద, అదే వినైల్ మీద వేయించి చూసుకో. మార్ఫోలిన్ రింగ్ చేతి దూరం నుంచి కనబడకపోతే 3 సిగ్మా బిందువు ఆల్ఫా ఇంకాస్త పెంచి, అప్పుడు ఏ0 ఇవ్వు.